పవిత్రన్ మాష్ ప్రాక్టికల్ క్లాసు

పవిత్రన్ మాష్ తన ఇంటికీ నాణు ఇంటికీ మధ్యనున్న గోడని రెండు వరసలు ఎత్తు పెంచాడు. అడిగినవాళ్ళకి వీధికుక్కల బెడద అని చెప్పాడు. మావిలప్పారలో ఉన్న ఒకే ఒక్క వీధికుక్క ముసలిది, కాలవగట్టు ఎక్కడానికే ఆయాసపడుతుంది. అయినా ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు. పెట్టింది ఎర్రరాయే కాబట్టి సిద్ధాంతపరంగానూ ఇబ్బంది రాలేదు.

ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాడు. కేరళలోని కన్నూరు జిల్లాలో బడిపంతులు ఒకసారి మాష్ అయితే కాటికి వెళ్ళేదాకా మాషే. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే గ్రంథాలయం మేడమీద పార్టీకి కొత్తగా దగ్గరైనవాళ్ళకి క్లాసు చెబుతాడు. పెట్టుబడి అంటే ఏమిటి, శ్రమ అంటే ఏమిటి, సోషలిజానికీ కమ్యూనిజానికీ తేడా ఏమిటి, రెండూ మన ఊరికి ఎందుకింకా రాలేదు. ఏమీ తెలియనివాళ్ళని కొంచెం తెలిసినవాళ్ళుగా మార్చడం ఆ క్లాసు ధ్యేయం. అంతకంటే ఎక్కువ తెలిస్తే ఏం చెయ్యాలో లోకల్ కమిటీ చూసుకుంటుంది.

క్లాసుకి రెండు బెంచీల మంది వస్తారు. పాలిటెక్నిక్ చదివే దిల్న చెప్పిన ప్రతి మాటా నమ్ముతుంది, అదొక్కటే ఆ పిల్లతో చిక్కు. ఆటో నడిపే షైజు కిరాయి లేనప్పుడు వస్తాడు, ఉంటే మధ్యలో లేచిపోతాడు. రిటైర్డ్ బ్యాంకు మేనేజరు కురుప్పు ఆదివారం ఇంట్లో ఉంటే భార్య బూజులు దులిపిస్తుందని మార్క్సిజం వైపు వచ్చాడు.

మాష్ మొదటి పాఠం బీడీతో మొదలవుతుంది. "ఆకు అడవిది. పొగాకు పొలానిది. కత్తెర కంపెనీది. మరి బీడీ ఎవరిది?" అని ఆగుతాడు. ఎవరో ఒకరు "చుట్టినవాడిది" అంటారు. "కాదు, షావుకారుది. చుట్టినవాడికి మిగిలేది దగ్గు!" అని బల్ల మీద కొడతాడు. అక్కడ అందరూ కదిలిపోతారు. కురుప్పు కూడా ఓసారి దగ్గుతాడు.

ఈ పాఠం మాష్‌ది కాదు, నాణుది.

డిగ్రీ అయ్యి ఉద్యోగం లేని రోజుల్లో పవిత్రన్ బీడీల షెడ్డులో పేపరు చదివి వినిపించేవాడు. అక్కడ చుట్టేవాళ్ళ చేతులకి తీరిక ఉండదు, చెవులకి ఉంటుంది. అందుకని ఒకణ్ణి కూర్చోబెట్టి చదివించుకునేవాళ్ళు, వాడి కూలి కోసం తలా కొన్ని బీడీలు ఎక్కువ చుట్టేవాళ్ళు. పవిత్రన్‌ది పీలగొంతు. మూల కూర్చున్న నాణు ఒళ్ళో బీడీల చాటతో సహా తల ఎత్తి, "ఒరే పవిత్రా, వెనకవాళ్ళకి వినపడుతోందా?" అని అరిచేవాడు. చదవడం అయ్యాక ఆ చదివినదానికి అర్థం పవిత్రన్‌కి నాణే చెప్పేవాడు. అన్నీ సరిగ్గా చెప్పాడని కాదు. ఎనభైకల్లా విప్లవం వచ్చేస్తుందని ఘంటాపథంగా చెప్పాడు, వచ్చేస్తుంది కదా అని ఇంటికప్పు కూడా బాగుచేయించుకోలేదు. ఇప్పటికీ వానొస్తే నాణు ఇల్లు కురుస్తుంది.

అలాంటి నాణుని, ఊరంతా ఏట్టన్ అంటే అన్న అని పిలిచే మనిషిని, పోయినేడు పార్టీ నుంచి తీసేశారు. కాలవ అవతలి వరిపొలం పూడ్చి పార్టీ నడిపే సొసైటీవాళ్ళు కల్యాణమండపం కడుతుంటే, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పొలం మధ్యలో కూర్చున్నాడు. లేవమంటే, "ముందు కప్పల్ని అడగండి, అవి ఇక్కడ నాకంటే సీనియర్ సభ్యులు" అన్నాడు. కప్పల్ని ఎవరూ అడగలేదు. నాణుని తీసేశారు, మండపం లేచింది. ఆ తర్వాత నాణు ఇంటికి వెళ్ళొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే అందరూ మానేశారు. మావిలప్పారలో చెప్పిన మాట తప్పేవాళ్ళున్నారు కానీ చెప్పని మాట తప్పేవాళ్ళు లేరు.

ఆ ఆదివారం పాఠం పెడదారుల గురించి. ఉద్యమం ఎడమకి మరీ జరిగితే అతివాదం, కుడికి జరిగితే మితవాదం, రెండూ ప్రమాదమే అని చెప్పి మాష్ చెమట తుడుచుకున్నాడు. దిల్న చెయ్యెత్తింది.

"మాషే, మరి నాణువేట్టన్‌ది ఏ పెడదారి?"

మాష్ తుడుచుకున్న చెమటే మళ్ళీ తుడుచుకున్నాడు.

"కుడి అనుకుంటా," అన్నాడు షైజు. "ఆయన కూర్చున్న పొలం కాలవకి కుడిపక్క కదా."

"జంక్షన్ నుంచి వస్తే ఎడంపక్క," అన్నాడు కురుప్పు.

"నాకు అర్థం కావట్లేదు మాషే," అంది దిల్న. "చేతులు తక్కువైన చోటికి వెళ్ళి చెయ్యి వెయ్యడమే సంఘీభావం అన్నారు పోయినవారం. వచ్చే ఆదివారం వాళ్ళింట్లో పెళ్ళి. ఒక్క మనిషీ సాయానికి పోవట్లేదని మా అమ్మ చెప్పింది. ఇది ఏ పాఠంలోకి వస్తుంది?"

మాష్ ముప్ఫై ఏళ్ళ సర్వీసులో జవాబు తెలియని ప్రశ్నలెన్నో ఎదుర్కొన్నాడు. జవాబు తెలిసిన ప్రశ్నే కష్టం. "ఇవన్నీ పుస్తకంలో దొరికేవి కావమ్మా," అన్నాడు. "ప్రాక్టికల్‌గా చూస్తేనే బోధపడతాయి."

"ప్రాక్టికల్ ఎప్పుడు మాషే?"

"వస్తుంది, వస్తుంది. టీ చల్లారిపోతోంది, తాగండి."

ఆ సాయంత్రం ఆయన కరివేపచెట్టుకి నీళ్ళు పోస్తుంటే గోడమీద ఒక నుదురు, రెండు కళ్ళు లేచాయి. నాణు అవతల బట్టలుతికే రాయెక్కి నిలబడ్డాడు.

"గోడ బాగా కట్టించావు పవిత్రా. కుక్క ఎక్కలేకపోతోంది, నేనూ ఎక్కలేకపోతున్నా."

"గేటులోంచి రావచ్చు కదా నాణువేట్టా."

"గేటుకి రోడ్డు కనబడుతుంది. రోడ్డుకి నువ్వు కనబడతావు. ఎందుకొచ్చిన గొడవ." కళ్ళు నవ్వాయి. "ప్రజిన పెళ్ళి. ఆదివారం పదిన్నరకి, మా వాకిట్లోనే. ఆ మండపంలో చేస్తే కప్పలొచ్చి సాక్షి సంతకం పెడతామంటాయి. మాలలు నువ్వివ్వాలి."

పార్టీ ఇళ్ళ పెళ్ళిళ్ళలో పురోహితుడుండడు. మర్యాదగల కామ్రేడ్ ఒకడు రెండు ఎర్రమాలలు తీసి పిల్ల చేతికీ పిల్లాడి చేతికీ ఇస్తాడు, రెండు ముక్కలు మాట్లాడతాడు, పెళ్ళయిపోతుంది. చుట్టుపక్కల పదూళ్ళలో అలాంటి పెళ్ళిళ్ళకి పవిత్రన్ మాష్‌నే పిలుస్తారు. నాణు కూతురు ప్రజినకి ఆ పేరు పెట్టిందీ ఆయనే. పేరు పెట్టిన రోజున ఒళ్ళో పిల్లని పెట్టుకుని, "దీని పెళ్ళికి మాలలు నా చేత్తోనే" అని అందరి ముందూ అన్నాడు. అది నాణు ఇప్పుడు గుర్తుచెయ్యలేదు. గుర్తుచేసినా బాగుండేది, కోపం తెచ్చుకోవడానికి వీలుండేది.

"ఆదివారం క్లాసు పెట్టుకున్నానే..." అన్నాడు మాష్. "చూద్దాం."

"షావుకారు చూద్దాం అంటే లేదని అర్థం. నీకది నేనే నేర్పాను." నుదురు దిగబోయి ఆగింది. "వస్తే ప్రసంగం మాత్రం పొట్టిగా చెయ్యి. సాంబారు చల్లారిపోతుంది." నుదురు దిగిపోయింది.

లోకల్ సెక్రటరీ రమేశన్ మాష్ శిష్యుడే. ఎనిమిదో తరగతిలో ఫ్రెంచి విప్లవం సరిగ్గా రాయలేక బెంచీ ఎక్కాడు, ఆ గౌరవం ఇప్పటికీ ఉంది. చేపల దుకాణం దగ్గర మాష్‌ని చూసి బండి ఆపి దిగాడు.

"మాషే, ఆదివారం క్లాసు ఉంది కదా?"

"ఉంది. అదే... ఒకవేళ వాయిదా వేస్తే..."

"అయ్యో, మీ ఇష్టం మాషే. పెళ్ళికి వెళ్ళొద్దని మేమెవరం అనడానికి? పార్టీ ఎవర్నీ ఆపదు." రమేశన్ మత్తిచేపల మొప్పలెత్తి చూశాడు. "కాకపోతే క్లాసు ముఖ్యం కదా అని. కొత్తవాళ్ళు అన్నీ గమనిస్తారు. మేమూ గమనిస్తాం అనుకోండి, కానీ మాది వేరు. ఈ చేపలు నిన్నటివి మాషే, తీసుకోకండి."

క్లాసు ఉన్నందుకు మాష్‌కి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. తను కావాలని పెళ్ళికి వెళ్ళలేదని ఎవరు అనగలరు? తను బోధనలో ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నం పెళ్ళింట్లో కొబ్బరి తురమడం మొదలవుతుంది. ఏ ఇంట్లో పెళ్ళయినా ఊళ్ళో ఆడవాళ్ళంతా తమ తమ కొబ్బరి కోరాలు చంకన పెట్టుకుని వెళ్ళి వాకిట్లో వరసగా కూర్చుంటారు. పది కోరాలు ఒకేసారి గీరుతుంటే, ఊరేదో తియ్యగా నములుతున్నట్టుంటుంది. ఆ రోజు గోడ అవతల ఒక్క కోరం శబ్దమే వచ్చింది. కర్ర్‌ మంటుంది, ఆగుతుంది. మళ్ళీ కర్ర్‌ మంటుంది.

మాష్ వరండాలో పేపరు చదువుతున్నాడు. మూడు పేపర్లూ అయిపోయాయి. మొదటిది మళ్ళీ తీశాడు.

"ఆ చెయ్యి ప్రజినది," అంది భార్య దేవయాని. "రేపు పెళ్ళికూతురు, ఇవాళ కొబ్బరి తురుముతోంది. ప్రపంచంలో ఏ మూల ఏ దేశంవాళ్ళకి అన్యాయం జరిగినా మీరు జంక్షన్‌లో జెండా పట్టుకుంటారు కదా. ఆ గోడ అవతల దేశం ఏది, మీ పటంలో లేదా?"

"నీకు అర్థం కాదు దేవీ. ఇది సంస్థాగతమైన విషయం."

"అవును, నాకు కొబ్బరి సంగతే అర్థమవుతుంది." లోపలికెళ్ళి తన కోరం తీసుకుని వచ్చింది.

"వెనకవైపు నుంచి వెళ్ళు," అన్నాడు మాష్, పేపరులోంచి తల ఎత్తకుండా. అని, తన మాట తన చెవిన పడి, "వెనక దారి దగ్గర కదా అని" అని కలిపాడు.

దేవయాని ముందు గేటు రెండు రెక్కలూ తీసి, రోడ్డుమీద నుంచి, అందరూ చూస్తుండగా వెళ్ళింది. గేటు వెయ్యకుండానే వెళ్ళింది. మాష్ లేచి వెళ్ళి వేశాడు. కాసేపటికి గోడ అవతల రెండు కోరాలు గీరడం వినబడింది. పది కోరాలకి రెండు ఎక్కడా సరిపోవు, కానీ ఒకటికి రెండు చాలా తేడా. మాష్ ఆ లెక్కని ఆలోచిస్తూ పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాడు.

ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్ళింటికి వ్యతిరేక దిశలో నడిచి గ్రంథాలయం మెట్లెక్కాడు. మేడమీద కురుప్పు ఒక్కడే ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు.

"మిగతావాళ్ళేరీ?"

"ప్రాక్టికల్‌కి వెళ్ళారు."

"ఏం ప్రాక్టికల్?"

"మీరే కదా చెప్పారు మాషే, పెడదారి ప్రాక్టికల్‌గా చూస్తేనే బోధపడుతుందని. ఆ దిల్న పొద్దున్నే అందర్నీ షైజు ఆటోలో వేసుకుని నాణు ఇంటికి వడ్డనకి పట్టుకెళ్ళింది. మాష్ చెప్పారు మాష్ చెప్పారని దారంతా చెప్పుకుంటూ వెళ్ళింది. నాకు మోకాళ్ళనొప్పి, నేను థియరీ ఒక్కటే తీసుకుంటాను."

దారంతా అంటే జంక్షన్, టీ కొట్టు, పార్టీ ఆఫీసు. ఇప్పుడు రమేశన్ ఏమనుకుంటాడు? చెప్పని మాట అందరికీ తెలుసని మాష్ అనుకున్నాడు. కొత్తవాళ్ళకి తెలియదు. కొత్తవాళ్ళకి చెప్పినవే తెలుస్తాయి, అవి చెప్పింది తనే.

వాళ్ళని వెనక్కి తీసుకురావాలి, అంతే. వెళ్ళడం, "క్లాసుకి టైమైంది, పదండి" అనడం, రావడం. ఆ ఒక్క వాక్యం నోట్లో తిప్పుకుంటూ మాష్ జీవితంలో ఎన్నడూ లేనంత వేగంగా నడిచాడు.

నాణు వాకిట్లో పందిరి వేసి ఉంది. కుర్చీలు చాలా ఉన్నాయి, మనుషులు పెళ్ళికొడుకు వైపువాళ్ళే. షైజు అన్నం గుండిగ మోస్తున్నాడు. దిల్న చున్నీ నడుముకి చుట్టుకుని అరిటాకులు తుడుస్తోంది. నాణు తెల్లపంచెలో మాలల పళ్ళెం పట్టుకుని, పరీక్ష హాల్లో పెన్ను మర్చిపోయిన కుర్రాడిలా నిలబడ్డాడు.

"దిల్నా..." అన్నాడు మాష్ పందిట్లో అడుగుపెట్టి.

"నాన్నా, మాష్ వచ్చారు!" అని అరిచింది ప్రజిన. అంత పట్టుచీరలో ఉండి కూడా చిన్నప్పుడు అరిచినట్టే అరిచింది.

నాణు తిరిగి చూశాడు. "బతికించావురా," అన్నాడు. "తండ్రిని, నేనే మాలలిస్తే కన్యాదానంలా ఉంటుందేమోనని పొద్దున్నుంచి చచ్చిపోతున్నా." పళ్ళెం ముందుకి చాపాడు.

మాష్ దిల్న వైపు చూశాడు. "క్లాసుకి..." అన్నాడు.

"ముందు మాలలు మాషే, క్లాసు తర్వాత," అంది దిల్న, ఎంతో గర్వంగా.

పళ్ళెం అలాగే ఉంది. మాష్ మాల తీసి ప్రజిన చేతికిచ్చాడు. రెండోది పిల్లాడికిచ్చాడు. మైకు ముందు నిలబడితే అరగంటకి తక్కువ దిగని మనిషి ఆ రోజు ఒక్క మాటతో సరిపెట్టాడు. "బాగుండండి," అన్నాడు. ఆయన ఇన్నేళ్ళలో చేసిన ప్రసంగాల్లో అదే గొప్పదని పెళ్ళికొడుకు మేనమామ అన్నాడు.

ఆ తర్వాత దిల్న వేసిన ఆకు ముందు కూర్చుని, దేవయాని తురిమిన కొబ్బరి వేసిన అవియల్ కూర రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. సాంబారు వేడిగానే ఉంది. ఏడాదిగా తిండి ఇంత రుచిగా లేదని అప్పుడు తెలిసింది.

మర్నాడు సాయంత్రం పార్టీ ఆఫీసులో మాష్‌ని సంజాయిషీ అడిగారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు టీ గ్లాసుల్లోకి చూస్తున్నారు. రమేశన్ ఎంతో ఆప్యాయంగా కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మాష్ ఎందుకు వెళ్ళారని కామ్రేడ్స్‌కి అనుమానం. నాకైతే లేదు. క్లాసు ఎగ్గొట్టిన పిల్లల్ని వెనక్కి తీసుకురావడానికి వెళ్ళారు. అంతే కదా మాషే?"

తప్పించుకునే తలుపు తెరిచి పట్టుకున్నాడు రమేశన్. దాటితే చాలు.

"అవును," అన్నాడు మాష్.

అబద్ధం కాదు, అదే బాధ. నిజం చెప్పి అంత సిగ్గుపడటం ఆయనకి అదే మొదటిసారి.

"మరి మాలలు?" అన్నారెవరో.

"చేతిలో పెట్టేశారు," అన్నాడు మాష్. అందరూ నవ్వారు. మాష్ కూడా నవ్వాడు.

"మరి ఆ పిల్ల, దిల్న? మీరే పంపించారని చెప్పుకు తిరిగిందట."

మాష్ గ్లాసులోకి చూశాడు. అడుగున టీపొడి తప్ప ఏమీ లేదు. "చిన్నపిల్ల. తొందరెక్కువ. నేను అన్నదొకటి, తను అర్థం చేసుకున్నదొకటి."

సంజాయిషీ సంతృప్తికరం అని తేల్చారు. దిల్ననీ షైజునీ కొన్నాళ్ళు క్లాసుకి రావొద్దని చెప్పాలని కూడా తేల్చారు. అది చెప్పే పని, మెత్తగా చెప్పగలడు కాబట్టి, మాష్‌కే అప్పగించారు. ఆయన మెత్తగానే చెప్పాడు. దిల్న అంతా విని, "ఇది ప్రాక్టికలా మాషే, థియరీయా?" అని అడిగింది. వెటకారం కాదు, ఆ పిల్ల నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

ఇంటికొస్తే దేవయాని గుమ్మంలో ఉంది. "ఏమన్నారు?"

"సంతృప్తికరం అన్నారు."

"ఎవరికి?" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆఫీసులో అన్న మాట నాణు ఇంటికి చేరడానికి మావిలప్పారలో ఒక టీ తాగేంత సేపు చాలు. గోడమీద నుదురు మళ్ళీ లేవలేదు. తిట్టినా బాగుండునని మాష్ రోజూ సాయంత్రం కరివేపచెట్టు దగ్గర నిలబడ్డాడు. ఆ చెట్టుకి దక్కినన్ని నీళ్ళు ఏ చెట్టుకీ దక్కి ఉండవు. ఆకులు పండుబారి రాలడం మొదలైంది.

తర్వాతి ఆదివారం క్లాసుకి కురుప్పు, ఇంకో ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. మాష్ బీడీ పాఠం మొదలుపెట్టి, బీడీ ఎవరిది అన్న దగ్గర ఆగి, ఆగినవాడు ఆగినట్టే ఉండిపోయాడు. కురుప్పే పూర్తిచేశాడు.

సాయంత్రం మాష్ మళ్ళీ బకెట్టుతో గోడ దగ్గరికి వెళ్ళాడు. అవతల బెంచీ లాగిన చప్పుడు. ఆటో ఇంజను ఆగిన చప్పుడు. దిల్న గొంతు, షైజు నవ్వు, ఇంకెవరివో రెండు మూడు గొంతులు. తర్వాత నాణు దగ్గు. తర్వాత నాణు.

"ఆకు ఎవరిది? అడవిది. పొగాకు ఎవరిది?"

మాష్ బకెట్టు కింద పెట్టాడు. చప్పుడు కాకుండానే పెట్టాననుకున్నాడు. గోడ ఆయన తల పైదాకా ఉంది, తనే కట్టించుకున్నాడు. అవతల ఏమీ కనబడదు. ఎర్రరాతికి చెవి ఆనించి నిలబడ్డాడు.

"మీరక్కడ ఏం చేస్తున్నారు?" వంటింటి కిటికీలోంచి దేవయాని.

మాష్ వేలు పెదాలమీద పెట్టుకున్నాడు.

అవతల నాణు మాట ఆగింది. గొంతు సవరించుకున్నాడు. అవతల ఉన్నది ఒకే ఒక్క బెంచీ అని, అందరూ నాణు ముందే కూర్చున్నారని మాష్‌కి ఆ గొంతుల్ని బట్టి తెలుస్తూనే ఉంది. అయినా నాణు, నిండు షెడ్డులో ఆ మూల నుంచి ఈ మూలకి అరిచినట్టు, గోడకేసి గట్టిగా అరిచాడు.

"వెనకవాళ్ళకి వినపడుతోందా?"